సంతకానికి ముందు ఏం చెప్పారు? ఒక ఆసుపత్రి కన్సెంట్ సేవపై సమీక్ష

ముందుగా తేదీ ఖరారు చేసుకుని చేయించుకునే ఆపరేషన్ల కోసం ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి నడుపుతున్న కౌన్సెలింగ్, కన్సెంట్ (రోగి సమ్మతి) సేవ గురించి ఈ సమీక్ష. పిత్తాశయంలో రాళ్లున్నందున మా అక్కకు అక్కడ ల్యాపరోస్కోపీ పద్ధతిలో, అంటే కడుపు కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా, ఆపరేషన్ జరిగింది. అటెండెంటుగా నేను మొదటి ఓపీ నుంచి డిశ్చార్జి దాకా పక్కనే ఉన్నాను. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆమె పూర్తిగా కోలుకుంది, కాబట్టి సర్జన్ చేతి నైపుణ్యం గురించి నేను చెప్పవలసింది ఏమీ లేదు. ఆపరేషన్‌కు ముందు రోగికి విషయం చెప్పి, ఆమె ఒప్పుకోలు తీసుకునే తతంగం ఎంత బాగుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఆసుపత్రి పేరు రాయకపోవడానికి కారణం ఉంది: నేను ఎత్తిచూపే లోపాలు ఆ ఒక్క ఆసుపత్రివి కావు, అలాంటి ఫారాలే మరెన్నో చోట్ల వాడుకలో ఉన్నాయి.

ఈ సేవను దేనితో కొలవాలన్న విషయంలో నాకు సందేహం లేదు. మర్యాదగా మాట్లాడారా, కూర్చోబెట్టారా, త్వరగా పని తెమిల్చారా అన్నవి చిన్న విషయాలు. రేపు ఏదైనా తేడా వచ్చి వివాదం కోర్టుకెక్కితే న్యాయమూర్తి ఏ ప్రశ్నలు అడుగుతారో, ఆ ప్రశ్నలకు ఈ సేవ దగ్గర జవాబులున్నాయా అన్నదే అసలు కొలమానం. కన్సెంట్ కేసుల్లో చాలావాటిలో ఆపరేషన్ సరిగా చేశారా లేదా అన్నది ప్రధాన వివాదం కానే కాదు. 1905లో అమెరికాలోని మిన్నెసోటా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మోర్ కేసులో రోగి కుడి చెవికి ఆపరేషన్‌కు ఒప్పుకుంది. మత్తులో ఉండగా పరీక్షించిన వైద్యుడికి ఎడమ చెవి ఇంకా పాడైనట్టు కనిపించి, దానికి ఆపరేషన్ చేశాడు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఒప్పుకోని శరీర భాగంపై కత్తి పెట్టడం తప్పేనని కోర్టు తేల్చింది. 1914లో న్యూయార్క్‌లో న్యాయమూర్తి కార్డోజో, వయసు వచ్చి మతి స్థిమితం ఉన్న ప్రతి మనిషికీ తన శరీరంతో ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ఉందని రాసిన వాక్యం ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఎత్తి చెప్పేదే. ఆ తర్వాత నూరేళ్లకు పైగా సాగిన వివాదమంతా ఒప్పుకోలు ఉందా లేదా అన్న దగ్గర నుంచి, ఒప్పుకునే ముందు రోగికి ఎంత చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్న దగ్గరికి జరిగింది.

ముందుగా ఈ సేవలో అన్నిటికంటే బాగున్నది చెబుతాను: సర్జన్‌తో జరిగిన సంభాషణ. ఆయన స్కానింగ్ రిపోర్టు కవరు వెనక్కి తిప్పి, దానిమీద పెన్నుతో కాలేయం, పిత్తాశయం, వాటినుంచి వచ్చి కలిసే గొట్టాలు గీసి, తాను ఎక్కడ క్లిప్పులు వేసి ఎక్కడ కత్తిరిస్తారో చూపించారు. పిత్తాశయపు గొట్టం ప్రధాన పిత్తనాళంలో కలిసే చోట ఒక సున్నా చుట్టి, "ఈ ఆపరేషన్‌లో మేం భయపడేది ఇక్కడేనమ్మా. వెయ్యి మందిలో ముగ్గురికో ఐదుగురికో ఈ పెద్ద నాళానికి దెబ్బ తగలవచ్చు. తగిలితే అది చిన్న సంగతి కాదు, ఇంకో ఆపరేషన్ కావాలి" అన్నారు. లోపల అతుకులు ఎక్కువగా ఉన్నా, రక్తస్రావం అయినా, భాగాలు స్పష్టంగా కనిపించకపోయినా చిన్న రంధ్రాల పద్ధతి ఆపి కడుపు కోసి చేయవలసి రావచ్చని, అది ఓటమి కాదని, జాగ్రత్త అని వివరించారు. రాళ్లు మాత్రమే తీసి సంచిని ఉంచెయ్యకూడదా అని అక్క అడిగింది. సంచి ఉంటే రాళ్లు మళ్లీ వస్తాయని, రాళ్లు కరిగించే మాత్రలు కొన్ని రకాల చిన్న రాళ్లకు మాత్రమే, అదీ నెలల తరబడి వాడితేనే పనిచేస్తాయని, మానేశాక రాళ్లు తిరిగి ఏర్పడటం మామూలేనని చెప్పారు. అసలు చేయించుకోకపోతే ఏమవుతుందన్నది ఆమె అడగకముందే ఆయనే ఎత్తారు: నొప్పి ఇప్పటికే పదేపదే వస్తోంది కాబట్టి మళ్లీ రావచ్చు, రాయి జారి నాళానికి అడ్డుపడితే కామెర్లు రావచ్చు, క్లోమం వాచే ప్రమాదమూ ఉంది.

2008 జనవరిలో భారత సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, వైద్యుడు చెప్పితీరవలసిన విషయాలను వరుసగా పేర్కొంది. చికిత్స స్వభావం, పద్ధతి, ప్రయోజనం, ఫలితం, ఉన్న ప్రత్యామ్నాయాలు, చెప్పుకోదగ్గ ప్రమాదాలు, చికిత్స వద్దనుకుంటే కలిగే పరిణామాలు అందులో ఉన్నాయి. అతి అరుదైన, ఊహామాత్రమైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టి రోగిని భయపెట్టనక్కర్లేదని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ జాబితా పక్కన పెట్టి చూస్తే ఈ సర్జన్ వదిలేసింది దాదాపు ఏమీ లేదు. నేను చూసినంతలో ఇంత శ్రద్ధగా చెప్పేవారు తక్కువ.

అయితే ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. మా అక్క గాత్ర సంగీతం నేర్పే టీచర్. అడ్మిషన్ కాగితంలో ఉద్యోగం అన్న గడిలో, కౌంటర్లో ఉన్న అమ్మాయి అడగకుండానే "గృహిణి" అని టైపు చేసింది. ఈ ఆపరేషన్ పూర్తి మత్తులో, గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి చేస్తారు. ఆ గొట్టం వల్ల రెండు మూడు రోజులు గొంతు నొప్పి, బొంగురు రావడం మామూలు. చాలా అరుదుగా స్వరతంత్రులకు దెబ్బ తగిలి మార్పు ఎక్కువ కాలం ఉండిపోవచ్చు. ఆఫీసులో కూర్చుని లెక్కలు రాసుకునే వ్యక్తికి ఈ మాట చెప్పకపోయినా పెద్ద నష్టం లేదేమో. గొంతే బతుకుతెరువైన మనిషికి మాత్రం అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఇది. మత్తు డాక్టర్ ముందురోజు సాయంత్రం చూడటానికి వచ్చినప్పుడు, నోరు తెరవమని, మెడ వెనక్కి వంచమని పరీక్షిస్తుండగా అక్కే తన వృత్తి గురించి చెప్పింది. ఆయన వెంటనే రాయడం ఆపి, ఆ ప్రమాదం గురించి విడమరచి చెప్పి, కాస్త సన్నని గొట్టం వాడతానని, తర్వాత కొన్నాళ్లు గొంతుకు విశ్రాంతి ఇవ్వాలని, బొంగురు తగ్గకపోతే చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించుకోవాలని చెప్పారు. మంచి వైద్యుడు, సందేహం లేదు. కానీ ఆ సమాచారం ఆయనకు చేరింది యాదృచ్ఛికంగా. ఈ సేవలో ఏ మెట్టు దగ్గరా "మీరేం చేస్తుంటారు, ఈ ఆపరేషన్ వల్ల మీకు దేని గురించి ఎక్కువ బెంగ?" అని అడిగే ఏర్పాటు లేదు.

ఇది నా చాదస్తం అనుకునేవారికి ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో తేల్చిన రోజర్స్, విటాకర్ కేసు గుర్తు చేయాలి. అప్పటికే ఒక కన్ను దాదాపు చూపు పోయిన మహిళ ఆ కంటికి ఆపరేషన్ చేయించుకుంది. బాగున్న రెండో కంటికి ఏమైనా అవుతుందేమోనన్న ఆందోళన ఆమె డాక్టరు దగ్గర పదేపదే వ్యక్తం చేసింది. ఒక కంటికి చేసిన ఆపరేషన్ వల్ల రెండో కన్ను కూడా దెబ్బతినే అవకాశం సుమారు 14,000 మందిలో ఒకరికి. వైద్యుడు దాన్ని చెప్పలేదు. ఆమెకు అదే వచ్చింది, రెండో కంటి చూపూ పోయింది. అంత అరుదైన ప్రమాదాన్ని చెప్పకపోవడం వైద్యవృత్తిలో మామూలేనన్న వాదన అక్కడ నిలబడలేదు. అంకె ఎంత చిన్నదన్నది కాదు, ఆ ప్రమాదం ఆ రోగికి ఎంత ముఖ్యమన్నది చూడాలని కోర్టు చెప్పింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015 మార్చిలో మాంట్‌గోమరీ కేసులో దాదాపు ఇదే దారి పట్టింది. మధుమేహం ఉన్న, పొట్టి శరీరంతో ఉన్న గర్భిణికి కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే అవకాశం తొమ్మిది, పది శాతం దాకా ఉన్నా వైద్యురాలు చెప్పలేదు. చెబితే అందరూ సిజేరియనే అడుగుతారన్నది ఆమె ఇచ్చిన వివరణ. అడుగుతారని తెలిసే దాచడం కంటే ఆ సమాచారం ఎంత ముఖ్యమో చెప్పే సాక్ష్యం ఇంకేం కావాలి! రోగి స్థానంలో ఉన్న ఒక సాధారణ వివేకం గల మనిషి దేన్ని ముఖ్యమనుకుంటారో అది చెప్పాలి, ఈ ఫలానా రోగి దేన్ని ముఖ్యమనుకుంటారో వైద్యుడికి తెలిసినా, తెలిసి ఉండవలసినా అదీ చెప్పాలి అని ఆ తీర్పు సారాంశం. తెలిసి ఉండాలంటే అడగాలి కదా.

భారత సుప్రీంకోర్టు 2008 తీర్పులో ఇంత దూరం వెళ్లలేదు. అమెరికాలో 1972 నాటి కాంటర్‌బరీ తీర్పు నుంచి వస్తున్న రోగి కేంద్రిత ప్రమాణాన్ని అది స్వీకరించలేదు, నిపుణులైన తోటి వైద్యులు ఎంత చెప్పడం సరైనదని భావిస్తారో దానికే దగ్గరగా నిలిచింది. అందువల్ల ఒకే సంభాషణ ఒక దేశపు కోర్టులో చాలినంతగా, మరో దేశంలో చాలనిదిగా కనిపించవచ్చు. ఆసుపత్రులు తమకు వర్తించే కనీస ప్రమాణం దగ్గరే ఆగిపోవాలని మాత్రం ఎక్కడా లేదు.

వీడియో సంగతి. ట్యాబ్ మీద కొద్ది నిమిషాల యానిమేషన్ చూపిస్తారు. రంధ్రాలు ఎక్కడ పెడతారు, కడుపులోకి గ్యాస్ ఎందుకు నింపుతారు, ఆ గ్యాస్ వల్ల ఆపరేషన్ తర్వాత భుజం ఎందుకు నొప్పి పెడుతుంది, ఇవన్నీ చక్కగా తీశారు. భుజం నొప్పి గురించి ముందే తెలిసినందువల్ల తర్వాత అక్క కంగారు పడలేదు. ప్రమాదాల దగ్గరికి వచ్చేసరికి "అరుదుగా కొన్ని సమస్యలు రావచ్చు" అన్న ఒక్క వాక్యంతో దాటేశారు. వీడియో అయిపోగానే తెరమీద "నాకు పూర్తిగా అర్థమైంది" అన్న బటన్ ఒక్కటే వస్తుంది. "నాకు ప్రశ్న ఉంది" అన్న బటన్ లేదు. ఆ ఒక్కటి నొక్కితే తప్ప ట్యాబ్ ముందుకు కదలదు. రికార్డులో మాత్రం రోగికి పూర్తిగా అర్థమైనట్టు తేదీ, సమయంతో సహా నమోదవుతుంది.

కౌన్సెలర్ ఓపికగా మాట్లాడారు, కానీ ఆవిడ చెప్పినదాంట్లో ఎక్కువ భాగం గది రకం, బీమా కాగితాలు, ఎప్పటినుంచి ఏమీ తినకూడదు అన్నవే. వైద్య విషయం ఏదైనా అడిగితే డాక్టరుగారినే అడగమన్నారు, అది సరైన పనే. ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు చెప్పే బాధ్యత ఆపరేషన్ చేసే వైద్యుడిదేనని, దాన్ని సిబ్బందికి అప్పగించి చేతులు దులుపుకోవడం కుదరదని పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2017లో షినాల్ కేసులో చెప్పింది. అన్ని దేశాల్లోనూ ఇంత కచ్చితంగా లేదు, తగిన శిక్షణ ఉన్నవారికి అప్పగించవచ్చని కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఇక్కడి కౌన్సెలర్ తన హద్దు దాటలేదు.

ఇక ఫారం. ఈ సేవ మొత్తంలో చెడిపోయింది ఇక్కడే.

ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి, వార్డులో లైట్లు తగ్గించే వేళకు నర్సు ఫైలు తెచ్చింది. కాగితాలన్నిటిమీదా సంతకం పెట్టవలసిన చోట్ల ముందే పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ఉన్నాయి. "డాక్టర్ గారు అన్నీ చెప్పారు కదమ్మా, ఇంటూ ఉన్న చోటల్లా సంతకాలు పెట్టేయండి, పొద్దున్నే మిమ్మల్ని మొదటి కేసుగా తీసుకుంటారు" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమెకు అప్పగించిన పని సంతకాలు తేవడం. కానీ తెల్లవారితే ఆపరేషన్ అన్నప్పుడు, ఖాళీ కడుపుతో, చేతికి సెలైన్ సూది ఉన్న రోగి ఆ కాగితాలు చదివి వద్దనగలదా? ఓపీలో సర్జన్ మాట్లాడిన రోజే ఈ ఫారం చేతికిచ్చి ఇంటికి పంపించవచ్చు. అలా ఇవ్వకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

ఫారంలో ఒక నిబంధన బాగుంది: ల్యాపరోస్కోపీతో కుదరకపోతే కడుపు కోసి చేయడానికి సమ్మతి. అది ఈ ఆపరేషన్‌కు సంబంధించినది, ముందే వివరించినది, కారణంతో సహా రాసినది. దాని కిందనే ఉన్నది మాత్రం వేరే జాతి: "ఆపరేషన్ సమయంలో వైద్యులు అవసరమని భావించే ఏ ఇతర శస్త్రచికిత్సనైనా చేయడానికి నేను అంగీకరిస్తున్నాను." ఖాళీ చెక్కు మీద సంతకం అంటే ఇదే. 2008 నాటి కేసు సరిగ్గా ఈ చోటనే పుట్టింది. 44 ఏళ్ల అవివాహిత మహిళ రోగ నిర్ధారణ కోసం ల్యాపరోస్కోపీకి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించుకుని గర్భాశయాన్ని, అండాశయాలను తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, రోగి మేలుకున్నాక అడిగే వీలున్నప్పుడు, ఒక పనికిచ్చిన సమ్మతి ఇంకో పనికి చెల్లదని, మత్తులో ఉన్నది వయసొచ్చిన, మతి ఉన్న మనిషి కాబట్టి ఆమె బదులు తల్లి ఒప్పుకోవడం కూడా చెల్లదని కోర్టు తీర్పిచ్చింది. వైద్యురాలి ఉద్దేశం మంచిదేనని నమ్మినా కోర్టు ఆపరేషన్ ఫీజు రానివ్వలేదు, 25,000 రూపాయల పరిహారం కూడా ఇమ్మంది. ఆ పరిహారం జరిగినదానితో పోలిస్తే మరీ తక్కువని నా అభిప్రాయం, కానీ చెప్పిన న్యాయసూత్రం గట్టిది.

అక్క ఆ వాక్యం కొట్టేస్తానంది. డ్యూటీ డాక్టరు వచ్చి, ఇలా ఎవరూ అడగరని, ఫారం మార్చడానికి లేదని అన్నారు. ఫోన్లో సర్జన్‌తో మాట్లాడాక మాత్రం ఏ రభసా లేకుండా ఒప్పుకున్నారు. ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన "ప్రాణాపాయం తప్పించడానికి వెంటనే చేయక తప్పనిది మాత్రమే" అని రాసి, ఇద్దరూ సంతకాలు చేశారు. ఆ మినహాయింపు రాయకపోయినా చట్టం వైద్యుడికి దాన్ని ఇస్తుంది, ప్రాణం పోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమని ఏ కోర్టూ చెప్పలేదు. అలాంటప్పుడు ఆ విశాలమైన వాక్యం వల్ల ఆసుపత్రికి ఒరిగేదేమిటో నాకు అర్థం కాదు. అవసరమైన చోట అది లేకపోయినా పని ఆగదు, అవసరం లేని చోట అది ఉన్నా కోర్టులో నిలవదు.

"ఫలితాలకు ఆసుపత్రి, వైద్యులు బాధ్యులు కారు" అన్న మరో వాక్యం కూడా అలాంటిదే. తెలిపిన ప్రమాదాన్ని రోగి భరించడానికి ఒప్పుకోవచ్చు గానీ, నిర్లక్ష్యాన్ని భరించడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఆపరేషన్ చేసే వైద్యుడి పేరు రాసే గడి ఖాళీగా ఉంటే మేం అడిగి రాయించాం. బంధువు సంతకం గడిలో నేను సాక్షిగా మాత్రమే సంతకం పెట్టాను, ఆ మాట పక్కన రాసి.

వైద్యుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పడం న్యాయం. చెప్పలేదని రుజువైనంత మాత్రాన రోగి గెలిచినట్టు కాదు. చెప్పి ఉంటే ఆ ఆపరేషన్ చేయించుకునేదాన్ని కాదని కూడా సాధారణంగా నిరూపించుకోవాలి, జరగరానిది జరిగాక ఆ మాట ఎవరైనా అంటారు కాబట్టి కోర్టులు దాన్ని అనుమానంగానే చూస్తాయి. అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ 2004లో తేల్చిన చెస్టర్ కేసు ఇందుకు ఒక మినహాయింపు. వెన్ను ఆపరేషన్‌లో ఒకటి, రెండు శాతం ఉండే నరాల నష్టం గురించి చెప్పి ఉంటే, ఎప్పటికీ వద్దనేదాన్నని ఆ రోగి అనలేదు, ఆ రోజు మాత్రం చేయించుకునేదాన్ని కాదు, ఆలోచించుకునేదాన్ని అంది. ఆ నిజాయితీ గల జవాబు చాలని అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు ఆమెకు అనుకూలంగా నిలిచారు.

డిశ్చార్జి తర్వాత రికార్డుల విభాగానికి ఉత్తరం రాసి ఫైలు నకలు తీసుకున్నాను. అడక్కుండా ఇచ్చింది డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే. ఈ సమీక్షలో నా అసలు అభ్యంతరం ఆ నకలు చూశాక ఏర్పడింది. సర్జన్ గీసిన బొమ్మ, ఆయన చెప్పిన అంకెలు, ప్రత్యామ్నాయాలపై అక్క అడిగిన ప్రశ్నలు, వాటికి ఇచ్చిన జవాబులు ఏవీ కేస్ షీట్‌లో లేవు. వాటి స్థానంలో "రిస్కులు వివరించడమైనది" అన్న ముక్క ఒక్కటి ఉంది. మత్తు డాక్టరు మాత్రం గొంతు సంగతి మూడు పంక్తులు రాసుకున్నారు. పెన్సిల్ గుర్తుల మీద పెట్టిన సంతకాలు, ట్యాబ్‌లో నొక్కిన బటన్, రాత్రి వేళ సమయంతో సహా భద్రంగా ఉన్నాయి. రేపు వివాదం వస్తే ఈ ఆసుపత్రి కోర్టు ముందు పెట్టగలిగేది తాను చేసిన అధ్వాన్నమైన పనిని, రికార్డులో నిలుపుకోలేకపోయినది తాను చేసిన మంచి పనిని. అర్థం కాని సాంకేతిక వివరాలు రోగిపై గుమ్మరించడం వల్ల గానీ, మామూలుగా ఫారం మీద సంతకం అడగడం వల్ల గానీ వైద్యుడి బాధ్యత తీరదని మాంట్‌గోమరీ తీర్పు చెప్పి పదేళ్లు దాటింది. ఆ సంతకాన్నే నమ్ముకున్న ఈ ఏర్పాటు రోగికీ ఉపయోగపడదు, తన శ్రద్ధకు రుజువు లేకుండా మిగిలే ఆ సర్జన్‌కూ ఉపయోగపడదు.

ఆపరేషన్ కోసం ఈ ఆసుపత్రిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను, కన్సెంట్ సేవను ఇప్పుడున్న రూపంలో సూచించలేను. వెళ్లేవారికి ఒక ఉపయోగకరమైన సంగతి: ఫారం నకలు ఓపీ రోజునే ఇస్తారా అని మేం తర్వాత విచారిస్తే, అందుకు అభ్యంతరం లేదని, ముద్రించి ఉన్నవే కాబట్టి కౌన్సెలర్ దగ్గర అడిగితే చాలని చెప్పారు. అడగనివారికి మాత్రం ఇప్పటికీ ముందురోజు రాత్రే వస్తుంది.